తేనెటీగల కాగితం వెనక వైపు

మాచర్ల పక్కన మేం పనిచేసే క్వారీలో రాతిగోడకి పెద్ద తేనెపట్టు పట్టింది. దాని కింద రాయి తీయాలంటే ఎవరో ఒకరు మోకు పట్టుకుని దిగి పొగ పెట్టాలి. మేస్త్రీ మా తమ్ముణ్ణి దిగమన్నాడు.

పదేళ్ల కిందట ఇదే గోడ మీద, ఇదే పనికి నా మొగుణ్ణి దింపారు. అందరి కోసం ఒక్కడివి దిగమన్నారు. ఈగలు ముసిరేసరికి మోకు వదిలేశాడు. నడుం విరిగి నాలుగేళ్లు మంచాన పడి చనిపోయాడు. ఆ అందరిలో ఒక్కడూ మంచం దాకా రాలేదు. అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. యాభై దాటాక పెద్దల బడికి పోయి నేర్చుకున్నాను.

నాకు చదవడం వచ్చిన సంగతి ఈ మేస్త్రీకి తెలియదు. వ్యవసాయం వాళ్లు ఊళ్లో పంచిన తేనెటీగల కాగితం ఒకటి తెచ్చి మా అందరికీ చదివి వినిపించాడు.

"కూలి ఈగ పట్టును కాపాడటానికి కుట్టి, ప్రాణం వదిలేస్తదంట. ఈగకున్న బుద్ధి మీకు లేదేందిరా?"

తమ్ముడు తల వంచుకుని మోకు అందుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. కాగితం లాక్కుని తిప్పి చూశాను. వెనక వైపూ అచ్చు ఉంది.

"తలకిందులుగా పట్టుకున్నావేమో చూసుకో," అన్నాడు మేస్త్రీ. నలుగురు నవ్వారు.

వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. కూలి ఈగలన్నీ ఒక్క రాణి కూతుళ్లేనట. అవి పిల్లల్ని కనవు. పట్టు బతికితే తోబుట్టువులు బతుకుతాయి, తమ రక్తమే తర్వాతి తరానికి పోతుంది. అందుకే ఆ గుణం వాటిలో తరతరాలుగా నిలిచిందట. ఈగల్లో కూడా ఊరికే చచ్చేది లేదు.

"విన్నావా? అవి తోడబుట్టినయ్యి. నువ్వు మా అమ్మ కడుపున పుట్టావా? ఓనరు పుట్టాడా? నా తమ్ముడు చస్తే వాడి పిల్లల్ని నీ ఇంట్లో పెంచుతావా?"

"ఏమే, నోరు చానా లేస్తంది!"

"నా మొగుణ్ణి దింపిననాడే లేవాల్సింది."

తమ్ముడు మోకు కింద పడేశాడు. "నేను దిగను," అన్నాడు. నవ్వినవాళ్లు కూడా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

మేస్త్రీ ఫోన్ చేసి, మధ్యాహ్నానికి కృష్ణా నది అవతలి నుంచి ఒకతన్ని రప్పించాడు. అతనికీ ఈగ, ప్రాణం, బుద్ధి అంటూ ఆ ముందు వైపు కథే చెప్పాడు. అతను బుద్ధిగా తలాడించి మోకు వైపు నడిచాడు.

కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది. అడ్డం పోయి నిలబడ్డాను.

"తమ్ముడా, మోకు పట్టుకోబాకు. ముందు ఇది విను," అని మళ్లీ మొదటి అక్షరం మీద వేలు పెట్టాను.