లేళ్లు చూపించబోతే

దగ్గరగా వచ్చి కూకోండమ్మా, ఇనండి. ఓ హిందీవోళ్ల ఊరి చివర పాత రాజుల జింకల వనమంతా తిరిగి, బిలాస్‌పూర్ బస్సు కోసం గేటు దగ్గర బల్ల మీద కూలబడ్డాను. మోకాళ్లు పీకేస్తున్నాయి, ఆకలి దంచేస్తోంది. పులిహోర డబ్బా తీశాను. పక్కన ఎవరో ముసలావిడ, నాకన్నా అలిసిపోయి ఉంది.

ఇంతలో కంచె అవతల మంద కనబడింది. ఆవిడకి చూపిద్దామని డబ్బా ఉన్న చెయ్యే చాచి, "లేళ్లు! లేళ్లు!" అన్నాను. హిందీలో 'లేలో' అంటే తీసుకోమని కదా! ఆవిడ రెండు చేతులా డబ్బా అందుకుంది.

"నిన్నటి నుంచి ఏటీ తిన్లేదు దీదీ," అంది హిందీలో. సగం తిని ఆగింది. "మరి నువ్వో?"

"అరే, నేనెప్పుడో తినేశాను," అన్నాను.

మీ గుమ్మంలోకొచ్చినోళ్లకి పెట్టేంత అన్నం మీ గిన్నెలో ఎప్పుడూ ఉండాలమ్మా.