లెక్క కుదిరిన మాత్రల డబ్బా

పన్నెండేళ్ల వయసులో నేను చేసినంత లాభసాటి బేరం గవర్నర్‌పేటలో ఏ కొట్టువాడూ చేసి ఉండడు. రోజుకు రెండు పూటలు వేసుకోవాల్సిన మాత్రల్లో సాయంత్రం పూటది ఎగ్గొట్టేశాను. అదీ డాక్టరుకూ నాన్నకూ తెలియకుండా, పైపెచ్చు మెచ్చుకోళ్లు పుచ్చుకుని మరీ. ఇవాళ పొద్దున కొత్త డబ్బా మూత తిప్పగానే ప్లాస్టిక్‌తో కలిసిన చేదు వాసన ముక్కుకు తగిలి, ఆ తెలివి గుర్తొచ్చింది.

నాకు హెచ్ఐవీ పుట్టుకతోనే వచ్చింది. నాన్నకూ ఉంది. అమ్మ, మందులు అందే రోజులు రాకముందే పోయింది. మిగిలిన ముగ్గురం, నాన్న, నాయనమ్మ, నేను, మా స్టీలు సామాన్ల కొట్టు పైవాటాలో ఉండేవాళ్లం. వేడెక్కిన షట్టర్లు, కొత్త గిన్నెల మీది కాగితాల జిగురు వాసన, గ్లాసుల మీద పెళ్లివారి పేర్లు చెక్కే మిషను రొద, పక్క సందులో కాగే బజ్జీల నూనె, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు తూకం పళ్లేల మీద మేం ఆడుకున్న గవ్వలాట, ఇవన్నీ కలిసి నా చిన్నతనం. వీటన్నిటి కింద, మా జబ్బు ఎవరికి తెలిసిపోతుందోనని సన్నగా ఒక భయం ఉండేది.

నాయనమ్మకు మా జబ్బు చెప్పలేదు. బలం మాత్రలన్నాడు నాన్న. డబ్బా మీది కాగితాన్ని నీళ్లలో నానబెట్టి గీకేసేవాడు, గలగలమనకుండా లోపల దూది కుక్కేవాడు. పొద్దున ఎనిమిది, సాయంత్రం ఎనిమిది. సాయంత్రం కొట్టు నిండా జనం ఉన్నా సరే, గడియారం వంక ఒకసారి, మెట్ల మీద కూర్చున్న నా వంక ఒకసారి చూసేవాడు. వేసుకున్నానన్నట్టు నేను కళ్లు మూసి తెరిచేదాన్ని. కార్తీక సోమవారాల్లో మాత్రం నాయనమ్మ తనతోపాటు నన్నూ చుక్క కనపడేదాకా పస్తుంచి, "ఖాళీ కడుపున మాత్రలేంటే, పేగులు మాడిపోతాయ్. బలం మాత్ర ఓ పూట మానేస్తే కొంపలేం మునగవులే" అనేది. నిజంగా బలం మాత్రలైతే ఆ మాటలో తప్పేమీ లేదు.

నా పన్నెండో ఏట వేసవి సెలవులకు కంకిపాడులో మేనత్త ఇంటికి వెళ్లాను. పెరట్లో ఆవకాయ ముక్కలు కొట్టే చప్పుడు, కళ్లు మండించే కొత్త కారం, వేలితో పొడిచి జుర్రుకునే తాటిముంజెలు, కాలవలో ఈతలు, అష్టాచెమ్మా దగ్గర తగువులు. ఎనిమిదింటికి పిల్లలం ఏడుగురం డాబా మీద గుండ్రంగా కూర్చుంటే అత్త పెద్ద బేసిన్లో అన్నం కలిపి ముద్దలు పెట్టేది. మొదటి రోజు సంచిలో చెయ్యి పెట్టానో లేదో, అత్త కూతురు మీద పడింది. "ఏంటే దాస్తన్నావ్? పిప్పరమెంట్లా? మాకూ పెట్టవే పిసినారీ!" కడుపునొప్పని దొడ్లోకి పోయి మింగాను. రెండో రోజు పోలేదు. ఏమవుతుందోనని రాత్రంతా నిద్రపట్టలేదు. పొద్దున అద్దంలో చూసుకుంటే బాగానే ఉన్నాను. పైగా మాత్రతో వచ్చే తల తిరుగుడు కూడా లేదు. దాంతో బేరం తెగింది. ఇంటికొచ్చాక కూడా సాయంత్రం నాన్నకు కళ్లు మూసి తెరిచి ఊరుకునేదాన్ని.

చిక్కల్లా నెలనెలా వెళ్లే మందుల సెంటర్లోనే. అక్కడ కౌన్సెలర్ మేడం డబ్బా బోర్లించి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు. మా కొట్టుకు పన్నులవాళ్ల తనిఖీ వస్తోందంటే, కాగితాల్లో లేని సరుకును నాన్న ముందురోజే పక్క కొట్టుకు తరలించేవాడు. లెక్క కుదిరితే తనిఖీ అయిపోయినట్టే. నేనూ అదే చేశాను. సెంటర్‌కు వెళ్లే ముందురోజు ట్యూషన్ నుంచి వస్తూ వంతెన మీద ఆగి, లెక్కకు మించి మిగిలిన మాత్రలన్నీ కాలవలో వేశాను.

"టంచనుగా ఉందమ్మా బంగారం! పెద్దాళ్లే ఇలా వేసుకోరు," అన్నారు మేడం. నాన్న మురిసిపోయి దారిలో బాదంపాలు ఇప్పించాడు. చివరి చుక్కదాకా తాగాను. ఊరికే వచ్చింది వదిలే వంశం కాదు మాది.

అలా కొన్ని నెలలు. తర్వాత నోట్లో తెల్లపూత, ఎన్నాళ్లకూ తగ్గని జ్వరం. రక్తపరీక్ష కాగితం చూసి మేడం నాన్న వైపు తిరిగారు.

"పాపకి మీరు సరిగా ఇవ్వట్లేదండీ."

"అయ్యో, లేదండీ మేడం. రెండు పూటలా నా కళ్ల ముందే..."

"మరి డబ్బాలోవి ఎటు పోతున్నాయండీ? మీవి అయిపోయి పాపవి వేసుకుంటున్నారా?"

రూపాయి దగ్గర ఎంతటివాడితోనైనా గొంతు పెంచే నాన్న, కుర్చీలో ముందుకు జరిగి మేడానికి చేతులు జోడించాడు.

"కాలవలో వేశాను," అన్నాను.

ఆయన నన్ను కొట్టలేదు. మేడంతో, "ఆ విద్య మా కొట్లోదేనండీ," అన్నాడు.

ఆ సాయంత్రమే నాయనమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాడు. "నా చేత్తో పస్తుంచాను గదరా దాన్ని! నాకు చెప్తే ఊరంతా చాటింపేస్తాననుకున్నావా?" అంది. మర్నాటి నుంచి రెండు పూటలా ఎనిమిది కాకముందే నీళ్ల గ్లాసుతో, బెల్లం ముక్కతో నా ఎదుట నిలబడేది. నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసేది.

కానీ పూట మానుతూ వేసుకుంటే వైరస్ ఆ మందుకు లొంగడం మానేస్తుందట. నా ఒంట్లో అదే జరిగింది. కొత్త మందు అప్పట్లో మా ఊళ్లో ఇచ్చేవారు కాదు. దాని కోసం నెలకోసారి నాన్న కొట్టు మూసి, నన్ను తీసుకుని రైలెక్కేవాడు.

ఇప్పుడు ఆ కొట్టు స్థానంలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. కంకిపాడులో మేము ఈదిన కాలవ పక్క పొలాల్లో ప్లాట్ల రాళ్లు పాతారు. నాయనమ్మ లేదు. కొత్తగా మందు మొదలుపెట్టేవాళ్లలో చాలామందికి రోజుకు ఒక్క మాత్రే.

బిల్లు నిజాయితీగా వేస్తాను. వచ్చినవి: దాచుకోవడానికి ఏమీ లేని పిల్లలా డాబా మీద గడిపిన కొన్ని సాయంత్రాలు. బాగున్నాయి, కాదనను. పోయినవి: చదువులో ఒక ఏడాది, ఆ కుర్చీలో నాన్న పడ్డ మాట, అమ్మకు అందక నాకు అందిన ఆ మొదటి మందు. అది ఇక నా మీద పనిచేయదు. ఇప్పటిది కూడా పనిచేయకపోతే ఇంకెన్ని రకాలున్నాయని మొన్న డాక్టరు గారిని అడిగాను.

మిగిలినవి: ఒకటో, రెండో.