మా బావ దాచుకున్న ఒకే ఒక్క బేస్ గిటారు

మా బావ పోయాడు. పోయిన నెలలో ఒక ఉదయం నేను స్కూలుకి బయల్దేరబోతుంటే శ్రీకాకుళం నుంచి అక్క ఫోన్ చేసింది. "ఒరే, మీ బావ లెగట్లేదురా," అంది. విజయనగరంలో బస్సెక్కి నేను వెళ్లేసరికి వాకిట్లో కుర్చీలు వేసేశారు. లోపల మంచం మీద బావ తల కాస్త పక్కకి వాల్చి ఉన్నాడు. చర్చిలో ఎవరైనా అపశ్రుతిలో పాడుతుంటే విననట్టు నటించేవాడే, అచ్చం ఆ ముఖం. ఏడుస్తూనే నాకు నవ్వొచ్చింది.

ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆ సంగతి ఊళ్లో చాలామందికి తెలియదు. అందరికీ ఆయన బేస్ గిటారు వాయించే మనిషి, పాత బేస్ గిటార్లు కొని అమ్మే మనిషి. ఈ వాద్యం ఎరగనివాళ్లకి ఒక్క మాట చెప్పాలి. మామూలు గిటారు కంటే దీని మెడ పొడుగు, తీగలు నాలుగే, అవీ లావుగా ఉంటాయి. పైన పాడేవాళ్లు పాడుకుంటారు, డ్రమ్ములు తమ పని తాము చేసుకుంటాయి, వీటన్నిటికీ అడుగున బేస్ నడుస్తూ ఉంటుంది. "అది మోగినంతసేపూ ఎవుడూ పట్టించుకోడు. ఆగిందనుకో, అందరూ ఎనక్కి తిరిగి సూస్తారు," అనేవాడు బావ. ఈ మాట గర్వంగానే అనేవాడు. వినయంగా అన్నాడని రాస్తే అబద్ధమవుతుంది.

ఒకప్పుడు మా వైపు పెళ్లికీ పండక్కీ ఆర్కెస్ట్రా పెడితే అందులో బేస్ వాయించేవాడు తప్పకుండా ఉండేవాడు. కీబోర్డులు వచ్చాక, కీబోర్డు మనిషే ఎడమచేత్తో బేస్ కూడా లాగించేయడం మొదలుపెట్టాడు. బేస్ వాయించేవాళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు, వాళ్ల గిటార్లు అటకలెక్కాయి. మా బావ వాటిని వెతుక్కుంటూ తిరిగేవాడు. పాలకొండలోనో ఇచ్ఛాపురంలోనో పాత ఆర్కెస్ట్రా మనిషి ఉన్నాడని తెలిస్తే చాలు, సెలవురోజు బండేసుకుని పోయేవాడు. కొని తెచ్చి, బాగుచేసి, పల్లెల్లో చర్చిలకీ భజన బృందాలకీ నేర్చుకునే పిల్లలకీ అమ్మేవాడు. ఎవరికీ ఊరికే మాత్రం ఇచ్చేవాడు కాదు. "ఊరికే ఇస్తే గోడకి తగిలిస్తాడు. కొనుక్కుంటే భుజానికి తగిలిస్తాడు," అనేది ఆయన సిద్ధాంతం.

ఇన్ని కొని ఇన్ని అమ్మిన మనిషి ఒక్కటి మాత్రం అమ్మలేదు. ముదురు గోధుమ రంగు జపాన్ బేస్ అది. ఆయన ముంజెయ్యి ఆనే చోట రంగు పోయి కర్ర బయటపడింది. ఎవరడిగినా "దీనికి తగ్గ మనిషి ఇంకా రాలేదు" అనేవాడు. పోయిన వేసవిలో ఒంట్లో బాగుండనప్పుడు, నా ఎదురుగానే అక్కతో అన్నాడు: "ఇదిగో, నాను పోయాక దీన్ని ఇంట్లో ఉంచీకండి. వాయించీవోడికి అమ్మీండి." అక్క "నోర్ముయ్యండి" అని లేచి వెళ్లిపోయింది. ఆయన్ని సమాధి చేసిన మర్నాడే ఇద్దరు ముగ్గురు మెల్లగా నా దగ్గర ఆ గిటారు మాట ఎత్తారు. అక్క చెవిన పడనే పడింది. "ఆయన సెమట ఉన్నాది దాని మీద. ఎవుడైనా ముట్టుకుంటే సెయ్యి ఇరిసేస్తాను," అంది. బావ కోరిందీ న్యాయమే, అక్క అన్నదీ న్యాయమే. నా మటుకు నాకు కూడా అది ఆ ఇల్లు దాటడం ఇష్టం లేదు.

అది వచ్చిన రోజు నేను బావ పక్కనే ఉన్నాను. పాతపట్నంలో ఒక ఆర్కెస్ట్రా మూతపడి, దాని యజమాని రెండు బేస్‌లు అమ్మకానికి పెట్టాడు. ఒకటి ఎర్రగా, బంగారు రంగు మరలతో మెరిసిపోతోంది. రెండోది ఇదే. ఎవరో సిగరెట్టు ఆర్పిన మచ్చ, సగం చిరిగిన స్టిక్కరు. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చి, బావ దగ్గర బేస్ నేర్చుకుంటున్న రోజులవి. ఎర్రదాన్ని ఒళ్లోంచి దించబుద్ధి కాలేదు. ఇంతలో కరెంటు పోయింది. యాంప్లిఫైయర్ లేకుండా ఎలా వింటారు, రేపు రండి అన్నాడు యజమాని. "కరెంటెందుకు, తలుపున్నాది కదా," అన్నాడు బావ.

ఆ ఇంటికి బరువైన టేకు తలుపు ఉంది. నన్ను బయట నిలబెట్టి, తలుపు వేసి, దానికి చెవి ఆనించమన్నాడు. లోపల ఆయన గిటారు తలని తలుపుకి ఆనించి తీగ మీటాడు. కర్రలోంచి శబ్దం నా చెవిలోకి వచ్చింది. చిన్నదే కానీ తేటగా ఉంది. ఏది ఏదో చెప్పకుండా రెండూ వాయించాడు. మొదటిది పలికినట్టే పలికి ఆరిపోయింది. రెండోది నేను ఊపిరి తీసి వదిలాక కూడా ఇంకా పలుకుతోంది. "ఏదిరా?" అని లోపల్నించి కేకేశాడు. "రెండోది బావా!" అన్నాను. తలుపు తీసి చూస్తే ఆయన చేతిలో సిగరెట్టు మచ్చది ఉంది.

ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. యజమాని ఎర్రదానికి ఎక్కువా దీనికి తక్కువా చెప్పాడు. నోరు మూసుకుని డబ్బిచ్చి వచ్చేస్తే సరిపోయేది. బావ ఊరుకోలేదు. "బాబూ, నువ్వు తిరగేసి సెప్తన్నావు. మంచిది ఇదీ. దీని మెడ తిన్నగా ఉన్నాది. ఆ ఎర్రదాని మెడ సూడు, ఎలగ ఒంగిపోనాదో," అని రెండూ ఆయన చేతికే ఇచ్చి, ఒక కన్ను మూసి మెడ వెంబడి ఎలా చూడాలో నేర్పాడు. యజమాని చూసి "ఓలమ్మ, నిజమే" అని వెంటనే ధర పెంచేశాడు. బావ ఆ పెంచిన ధరే ఇచ్చాడు. బస్సులో నేను ముఖం మాడ్చుకుని కూర్చున్నాను.

"ఏటిరా, కోపమా? ఆడికి తెలీకుండా కొంటే అది కొనడం కాదు కదా."

"మరేటి బావా?"

"నీకు టీచరు ఉద్యోగం ఎవుడిచ్చినాడ్రా!" అని నవ్వేశాడు.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఆయనకి కొత్త తలనొప్పి మొదలైంది. ఎక్కడెక్కడివాళ్లో వీడియోలు పంపి, ఈ రెండిట్లో ఏది మంచిదో చెప్పమనేవారు. ఫోన్ స్పీకరులోంచి బేస్ రాదు. వేలు తీగకి తగిలే టకటక ఒక్కటే వస్తుంది. ఆ టకటక గట్టిగా ఉన్నదాన్ని మంచిదనుకుని కొనేసి, తర్వాత లబోదిబోమంటూ ఆయన దగ్గరికి వచ్చేవారు. "ఫోన్లో బేస్ ఇనడమంటే ఫొటో సూసి పులుసులో ఉప్పు సెప్పడమే," అని కసిరేవాడు. కసిరాక మళ్లీ ఆయనే వాళ్లని వెంటబెట్టుకుని అమ్మినవాడి దగ్గరికి పోయి, మాట్లాడి, వెనక్కి ఇప్పించేవాడు.

ఒకసారి ఒక పెళ్లికొడుకు వచ్చాడు, పెళ్లికి ముందు తీసే ఫొటోల కోసం బేస్ కావాలని. "వాయిస్తావేటి?" అని అడిగాడు బావ. "లేదండి, భుజాన్నేసుకుని నిలబడతానంతే," అన్నాడతను. "అలగైతే అట్టముక్క కత్తిరించి రంగేసుకో బాబూ, బరువుండదు," అని చెప్పి, టీ ఇచ్చి పంపాడు. పెళ్లికొడుకు నవ్వుకుంటూనే వెళ్లాడు, వెళ్లి పెళ్లికి మమ్మల్ని పిలిచాడు కూడా. మా బావ కాదన్నా ఎదుటివాళ్లకి చిన్నతనంగా ఉండేది కాదు.

ఇక వంటింటి గొడవ వేరు. వాడగా వాడగా తీగలకి చెమటా జిడ్డూ పట్టి గొంతు పోతుంది. వాటిని చుట్ట చుట్టి నీళ్లలో మరిగిస్తే కొన్నాళ్లు మళ్లీ బాగా పలుకుతాయి. ఆ మరిగించడానికి ఆయన అక్క పులుసుగిన్నె ఎత్తుకుపోయాడు. "ఒరే తమ్ముడూ, సూసినావా, మీ బావ ఇనప సేమియా వండుతన్నాడు!" అని అక్క కేకలు. "ఉప్పెయ్యకే, తుప్పట్టేస్తాది," అని ఆయన నవ్వకుండా జవాబు. చివరికి అక్క ఆ గిన్నె ఆయనకే వదిలేసి వేరేది కొనుక్కుంది. మరిగిన తీగలు తుడిచి దండెం మీద అక్క చీరల పక్కన ఆరేసేవాడు. సాయంత్రం వాటిని ఎక్కించి మొదటిసారి మీటినప్పుడు ఆయన ముఖం చూడాలి. అన్నేళ్లు వాయించిన మనిషి, ఆ శబ్దం ఇప్పుడే పుట్టినట్టు "ఏమే, ఇలా రా, ఇను" అని పిలిచేవాడు. అక్క తిట్టుకుంటూనే వచ్చి వినేది.

నేను చాలామంది అమ్మేవాళ్లని చూశాను. మా బావలాగా లోపాలు ముందు చెప్పి అమ్మేవాడిని ఇంకొకరిని చూడలేదు. ఈ గుండీ తిప్పితే గరగరమంటుంది, మెడ మీద ఈ ఫ్రెట్టు కమ్మీ అరిగింది, మీది సముద్రపుగాలి కాబట్టి నూనెగుడ్డతో తుడుస్తుండాలి. ఇలా అన్నీ అప్పజెప్పి, "అయినా కావాలంటే తీసుకో" అనేవాడు. దాంతో చాలా బేరాలు చెడిపోయాయి. కానీ ఒకసారి ఆయన దగ్గర కొన్నవాడు మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాడు. ఆయనంటే నాకు చెప్పలేనంత గౌరవం. బావని పొగడటం మా ఇళ్లలో ఆచారం కాదు, ఏడిపించడమే ఆచారం. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

బావ పోయాక చర్చివాళ్లు ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక అయిన కొద్దిరోజులకి నేను అక్క దగ్గరుండగా భావనపాడు నుంచి ఒకాయన వచ్చాడు. చేపల వేటకి వెళ్తాడు, ఆదివారాలు వాళ్ల చర్చిలో బేస్ వాయిస్తాడు. ఆ బేస్ బావ అమ్మినదే. దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. గాలివానకి చర్చి రేకులు లేచిపోయి గిటారు నీళ్లలో నానిపోయిందట. విప్పి చూపించాడు. కర్ర ఉబ్బిపోయింది, మెడ అతుకు దగ్గర విడిపోయింది.

"అన్న ఉంటే ఏదో సేసీవోడు వదినా. నాకు తెలుసు, ఇంక ఇది పోనాది. ఎక్కడైనా పాతది, సవకది ఉంటే సూపిస్తారేమోనని వచ్చినాను," అన్నాడు. కాస్త ఆగి, "మా అమ్మ కూడా రోజూ అడుగుతన్నాది, బేస్ ఏదిరా, బేస్ ఏదిరా అని. ఆవిడికి సెవుడు," అన్నాడు.

"సెవిటి మనిషికి బేస్ సంగతి ఎలగ తెలుస్తాదిరా?" అంది అక్క.

"తెలుస్తాది వదినా. మా ఊరొచ్చి సూద్దురు. పాటలో ఆవిడికి అందీది అదొక్కటే."

నేను ఫోన్ తీసి విశాఖలో అమ్మకానికి ఏమున్నాయో వెతకడం మొదలుపెట్టాను. బావ గిటారు ఎదురుగా మూలనే ఉంది. వచ్చినాయన ఒక్కసారి కూడా దాన్ని అడగలేదు. చూపు దాని మీద పడినప్పుడల్లా తల పక్కకి తిప్పుకుంటున్నాడు. అక్క అది గమనించింది. లేచి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేరుగా మూలకి వెళ్లి గిటారు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

ఆయన కంగారుపడిపోయాడు. "వద్దొదినా, ఇది అన్న గురుతు."

"గురుతుకి ఫొటో ఉన్నాది. ఇది వాయించీది," అంది అక్క. "ఊరికే ఇవ్వట్లేదు. జేబులో ఎంతుంటే అంత ఇయ్యి, ఆ పాడైపోయినది ఇక్కడ వదిలీ." తర్వాత, జన్మలో బేస్ పట్టుకుని ఎరగని మా అక్క, దాని లోపాలు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ఏ మర వదులుగా ఉంటుందో, ఏ తీగ త్వరగా శ్రుతి తప్పుతుందో అన్నీ. ఆయన తల వంచుకుని విన్నాడు.

నేను ఆపబోయాను. మాట నోటిదాకా వచ్చింది. అక్క నా వైపు తిరిగి, "నువ్వు వాయిస్తావేటి దీన్ని? నీది నీకున్నాది కదా," అంది. నేను ఫోన్ జేబులో పెట్టేశాను.

మరుసటి ఆదివారం అక్కా నేనూ భావనపాడు వెళ్లాం. చర్చికి కొత్త రేకులు ఇంకా వేయలేదు, టార్పాలిన్ కట్టారు, గాలికి అది ఎగిరెగిరి పడుతోంది. పాస్టరు గారు ముందు వరసలో కుర్చీ వేయించారు కానీ అక్క కూర్చోలేదు. ఆడవాళ్ల వైపు వెళ్లి, చాప మీద, బేస్ వాయించే ఆయన తల్లి పక్కన కూర్చుంది. ఆ ముసలమ్మ అక్కని చూసి నవ్వింది. పాట మొదలైంది, దాని అడుగున బావ బేస్ గచ్చు అదిరేలా మోగింది. ముసలమ్మ చాప అంచు మడిచి, గచ్చు మీద అరచెయ్యి బోర్లా ఆనించి కళ్లు మూసుకుంది. ఒక్క మాట వినపడని ఆవిడ తల పాటతో పాటే ఊగుతోంది.

అక్క కాసేపు ఆ చేతిని చూసింది. తన వైపు చాప అంచు కూడా మడిచి, నేల మీద చెయ్యి పెట్టింది. పాట అయిపోయింది. ప్రార్థనకి లేవమన్నారు, అందరూ లేచారు. ముసలమ్మ కూడా లేచింది. అక్క మాత్రం గచ్చు మీంచి చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుంది.