మా మైక్ సెట్ మామకు బైపోలార్ ఉండేది

నిన్న పొద్దున తిరుప్పూరు ఆఫీసులో బనియన్ శాంపిల్స్ చూస్తుంటే ఫోన్. అమ్మ.

"మామ పోయినాడు పాపా" అంది. తర్వాత ఏడుపే.

ఏ మామ అని అడిగాను. నాకు ఉన్నది ఒక్క మామ. అయినా అడిగాను.

అమ్మ తమ్ముడు, మధురైలో మైక్ సెట్ రంగరాజు మామ. గుండెపోటు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే పోయాడు.

బస్సులో మధురై చేరేలోపు ఎన్నో ఫోన్లు. సగం మందిది ఒకటే ప్రశ్న. గొంతు తగ్గించి, నిజంగా గుండెపోటేనా, లేక తానే ఏమైనా చేసుకున్నాడా అని.

అందరికీ కలిపి ఇక్కడే చెప్తున్నాను. గుండెపోటే. ముందు రోజు కూడా మాత్ర వేసుకునే పడుకున్నాడు.

మామకు బైపోలార్ డిజార్డర్ ఉండేది. చాలా ఏళ్ళుగా. ఆ పేరు గట్టిగా పలకడం మాకు నేర్పింది ఆయనే.

తెలియనివాళ్ళకు చెప్తాను. మా తెలుగువాళ్ళ వీధిలో పెళ్ళికైనా, చెవులు కుట్టే ఫంక్షన్‌కైనా, మారియమ్మ పండగకైనా స్పీకర్లు మామవే. పొడుగ్గా, సన్నగా, చొక్కా జేబులో టెస్టర్‌తో తిరిగేవాడు. మెయిన్ ఆఫ్ చేయకుండా వైర్ ముట్టుకున్న ప్రతివాడికీ తిట్లే.

జబ్బు మొదటిసారి బయటపడింది పండగలోనే. నేను అప్పుడు స్కూల్లో ఉన్నాను. మామ రోజుల తరబడి నిద్రపోలేదు. ఆగకుండా మాట్లాడాడు, పాడాడు, అమ్మవారి ముందు నిలబడి కనిపించినవాళ్ళందరి భవిష్యత్తూ చెప్పాడు.

మా వీధి ఏం చేసింది?

ఒంటి మీదికి సామి వచ్చిందంది. పసుపు నీళ్ళు పోశారు. చేతికి వేపాకు ఇచ్చారు. వరుసలో నిలబడి కురి, అంటే సోది, చెప్పమన్నారు. కొడుకుకు ఉద్యోగం ఎప్పుడు, బోరులో నీళ్ళు పడతాయా అని. మామ అందరికీ అన్నీ జరుగుతాయన్నాడు. అందరూ ఖుషీ. ఈ మనిషి అన్నం తిన్నాడా అని ఒక్కరికైనా పట్టిందా అంటూ అత్త ఒక్కతే ఏడుస్తూ తిరిగింది.

పండగ అయ్యాక మామ మంచం పట్టాడు. స్నానం లేదు, మాట లేదు. అప్పుడు అదే వీధి సోమరి అంది. చేతబడి అంది. మొన్న కాళ్ళకు మొక్కినవాళ్ళే గడప తొక్కడం మానేశారు.

తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అత్త ఎవరి మాటా వినకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. జబ్బుకు ఒక పేరు దొరికింది. సరైన మాత్రలు కుదిరేదాకా నరకం. చేతులు వణికాయి, ఒళ్ళు వచ్చింది. మధ్యలో బాగానే ఉన్నానుగా అని మానేసి మళ్ళీ ఆస్పత్రిలో పడ్డాడు. ఆ తర్వాత ఎప్పుడూ మానలేదు.

మరుసటి పండగకు బయటినుంచి సెట్ తెప్పిద్దామని కమిటీవాళ్ళు గుసగుసలాడారు. వీడికి మళ్ళీ మొదలైతే ఎలా అని. మామ చెవిన పడింది. గొడవ పడలేదు. పొద్దున్నే వెళ్ళి, ఎవరూ పిలవకుండానే స్పీకర్లు కట్టి, మైక్ ఆన్ చేశాడు.

"నేను రంగరాజు. పోయిన తూరి నా మీదికి వచ్చింది సామి కాదు. బైపోలార్ అని జబ్బు. మీలో శానా మందికి షుగర్ మాత్ర ఉండాదే, అట్ల దాన్ నాకి ఈ మాత్ర. దినమూ ఏసుకుంటాను. నేను చెప్పిన కురి అంతా మరిసిపోండి. ఇప్పుడు సౌండ్ సరిగా ఉండాదా, అది చెప్పండి."

వీధి చివరిదాకా వినిపించింది. గుడి పక్కన ఇడ్లీలు అమ్మే అవ్వ, సౌండ్ బాగుంది, ఇంక పాట పెట్టు అంది.

ఆ పండగకు సెట్ మామదే. ఆ తర్వాత ప్రతి పండగకూ ఆయనదే.

అప్పుడు కురి అడిగినవాళ్ళలో కొందరు తర్వాత ఆయన దగ్గరికే వచ్చి డాక్టర్ ఎక్కడుంటాడని అడిగారు. మామ మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని తానే తీసుకెళ్ళేవాడు. దారిపొడవునా తిట్టేవాడట, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని.

నిన్న సాయంత్రం అన్నీ అయ్యాక మా బంధువుల్లో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. నేను ఇక్కడ రాస్తానని ఆయనకు తెలుసు. ఏమైనా రాసుకో, ఆ జబ్బు పేరు మాత్రం వద్దన్నాడు. మామ కూతురు దివ్యకు కోయంబత్తూరు సంబంధం మాట్లాడుతున్నారు. అబ్బాయివాళ్ళకు ఇంకా తెలియదు. ఈ పోస్ట్ చూస్తే చెడిపోతుందని ఆయన భయం.

మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఈ భయమే కదా మా మామను అప్పట్లో వేధించింది.

అయినా తెగించి రాయడానికి అది నా పెళ్ళి కాదు. అందుకే దివ్యనే అడిగాను. కళ్ళు వాచి ఉన్నాయి. అయినా వెంటనే చెప్పింది.

"రాయి వదినా. నాయన దాయలేదు, నేను ఎందుకు దాయాల? పెట్టినాక నాకి పంపు. ఆ ఇంటివాళ్ళకి నేనే పంపిస్తాను. చదివినాక కూడా వచ్చేటట్టయితే రానీ."

ఇదిగో, రాశాను. ఇప్పుడే పంపిస్తున్నాను.

పోయిరా మామా. ప్రశాంతంగా ఉండు. దివ్య గురించి బెంగ పెట్టుకోకు, అది అచ్చం నీ కూతురే.