సూది విరిగితే ఏం చేస్తారు?

మా బొమ్మనహళ్ళి గార్మెంట్ ఫ్యాక్టరీలో ఈ రోజు ఆడిట్, అంటే పని పద్ధతుల తనిఖీ. ఆర్డర్లిచ్చే కంపెనీ ఆఫీసరు నేరుగా వచ్చి, పద్దెనిమిదేళ్ళుగా కాలర్లు కుడుతున్న మా నరసక్క మిషన్ దగ్గర ఆగాడు.

"సూది విరిగితే ఏం చేస్తారమ్మా?"

సూపర్‌వైజర్‌గా ఈ ప్రశ్నకు జవాబును వారం రోజులు ఆమె చేత బట్టీ పట్టించింది నేనే. ఆమె నోరు తెరిచింది కానీ మాట రాలేదు. ముఖమంతా చెమటలు. ఆర్డర్ పోయిందనుకున్నాను.

"సరే, పని చేసుకోండి" అన్నాడాయన. ఆమె కుట్టడం మొదలుపెట్టిందో లేదో, సూది నిజంగానే టక్కున విరిగింది. అంతే, ఆమె చేతులు వాటంతటవే కదిలాయి! మిషన్ ఆపింది. అయస్కాంతంతో ముక్కలన్నీ ఏరింది. బట్టలో ఏదీ మిగల్లేదని తెలియడానికి వాటిని సూదిలా పేర్చి చూసుకుంది. కొత్త సూది కోసం చెయ్యెత్తింది.

"నేనడిగింది ఇదేనమ్మా!" అన్నాడు ఆఫీసరు.

"ఇదా సార్? ఇది దినామూ చేసేదే కదా! మీరేదో పెద్దది అడగతా ఉండారనుకొంటి."

భయం ఆమె నోరు మూయించింది గానీ చేతుల జోలికి పోలేకపోయింది. ఇంకా ఆ ఆశ్చర్యంలోనే ఉన్నాను. నోటికి రాకపోయినా మీ చేతులకు తెలిసిన పని ఏదైనా ఉందా? నాకైతే ఒక్కటీ తట్టడం లేదు. వారమంతా ఆమెకు పాఠం చెప్పింది మాత్రం నేనే.