దావూద్ చెప్పని అర నిమిషం

పుత్తూరు దావూద్ తిరుపతిలో ఒక గుండె ఆసుపత్రిలో మత్తు టెక్నీషియన్. రోజూ పొద్దున్నే మత్తు యంత్రాన్ని పరీక్షించి మందు నింపడం, ఆపరేషన్ సాగినంతసేపూ తెర మీది అంకెలు గమనించడం పంతొమ్మిదేళ్లుగా అతని పని. పీల్చే మత్తు నొప్పి తెలియనివ్వదు గానీ రక్తనాళాలను వదులు చేస్తుంది, గుండె బలాన్నీ తగ్గిస్తుంది. ఆ సంగతి అతనికి కొట్టిన పిండి.

కిందటేడు కాణిపాకం నుంచి సంతోషమ్మ వచ్చింది. వాల్వు బిగుసుకుపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. బల్ల మీద పడుకోబెట్టాక అతని చెయ్యి పట్టుకుంది.

"నేను నిద్దరపోయినాక నన్నెవురు సూస్తా ఉంటారు నాయనా?"

"నేనుండాను కదమ్మా."

ఆమెకు మత్తు ఎక్కింది. మత్తు డాక్టర్ ప్రసన్నకుమారి తల వంచుకొని మెడలో సన్నని గొట్టం వేస్తున్నారు. తెర మీద బీపీ నూట ఇరవై నుంచి తొంభైకి, డెబ్భైకి దిగింది. బీపీ కొలిచే సన్న గొట్టం మణికట్టులో ఉంటుంది, మణికట్టు వంగితే అంకె తప్పు చూపడం మామూలే. దావూద్ సంతోషమ్మ చెయ్యి సరిచేశాడు, వైరు కదిపి చూశాడు. యాభైకి దిగాక గానీ నోరు తెరవలేదు. అప్పటికి అర నిమిషం గడిచింది. డాక్టరు వెంటనే మత్తు తగ్గించి బీపీ పెంచే మందు ఎక్కించారు. బీపీ లేచింది, వాల్వూ మార్చారు. అయిదో రోజు సంతోషమ్మ చనిపోయింది.

దావూద్ తనంతట తానే డాక్టరుకు చెప్పుకున్నాడు. గుండె ముందే దెబ్బతినుందని, ఆ అర నిమిషం వల్లే పోయిందని ఎవరూ తేల్చలేరని ఆవిడ అన్నారు. దానివల్ల కాదని మాత్రం అనలేదు.

అప్పట్నుంచి లిఫ్టులో అంకెలు దిగుతుంటే అతను చూడలేకపోయేవాడు. మెట్ల మీదుగానే తిరిగేవాడు. అన్నం ముందు కూర్చుంటే తొంభై, డెబ్భై, యాభై. నెల తర్వాత కాణిపాకం బస్సెక్కాడు.

సంతోషమ్మ భర్త పరంధామయ్య గుడి వీధిలో టెంకాయలు అమ్ముతున్నాడు. అంతా విన్నాడు.

"అప్పుడే సెప్పుంటే బతికుండేదా?"

"తెలీదు పెద్దాయనా."

పరంధామయ్య చేతిలోని టెంకాయను కుప్ప మీద పెట్టాడు. "దేవుడు తీసుకోని పోయినాడనుకుంటా ఉంటి. ఈ మాట నాకెందుకు సెప్పినావప్పా?"

ఎవరో టెంకాయ అడిగితే ముసలాయన అటు తిరిగాడు. మళ్లీ ఇటు చూడలేదు.

ఇప్పుడు ఆపరేషన్ గదిలో దావూద్ ప్రతి అంకెనూ పైకి చదువుతాడు, బాగున్నా, బాగలేకపోయినా. కొత్త డాక్టర్లు విసుక్కుంటారు. అతను ఆపడు. ఇంటికొచ్చాక కూడా పెదవులు కదులుతూనే ఉంటాయని భార్య గుల్నాజ్ అంటుంది.