పాపాయమ్మగారూ కింది రెప్పలూ

పాపాయమ్మగారు ఎవరినీ "బాగున్నారా" అని నోటితో అడగరు. దగ్గరికొచ్చి, కంటి కింది రెప్ప లాగి చూసి, ఆ సంగతేదో తనే తేల్చుకుంటారు. పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకునీ వదల్లేదు, టిక్కెట్టు కొట్టడానికొచ్చిన కండక్టరునీ వదల్లేదు.

ఆవిడ మీద అందరికంటే ఎక్కువ ఎకసెక్కాలాడింది అంజిబాబు. అచ్చం ఆవిడలాగే రెప్పలు లాగి చూపిస్తూ, కొబ్బరి దింపువాళ్ళను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేవాడు.

ఈ ఏడు వరద తీశాక, మడమకు గాయమున్నా చేలో దిగి గట్టు వేశాడు. పది రోజులకు జ్వరమొచ్చింది, ఆనక కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లకు ఆసుపత్రి దేనికని గోదావరి దాటి వెళ్ళి పసరు తాగొచ్చి, మజ్జిగన్నం పథ్యం పట్టాడు. పాపాయమ్మగారు చూస్తే పరువు పోతుందని నల్లకళ్ళజోడు పెట్టుకుని మరీ మంచమెక్కాడు.

ఆవిడ రానే వచ్చారు.

"ఇంట్లో నల్లద్దాలేంటయ్యా?"

"ఎండండి."

"పెంకుల కింద ఎండేంటి?" అంటూ కళ్ళజోడు లాగేసి రెప్ప చూశారు. పిక్క నొక్కితే అంజిబాబు మూలిగాడు.

"ఒంటేలు అవుతోందా?"

"నిన్నట్నించీ లేదండి."

ఆవిడ అంజిబాబు భార్యను కేకేశారు. "లక్ష్మీదుర్గా, ఆటో పిలు. ఇది పసరుకి లొంగేది కాదు."

అమలాపురంలో డాక్టరు ఎలుక జ్వరమన్నాడు. ఎలుకల మూత్రం కలిసిన నీరు గాయంలోంచి ఒంట్లోకి పోయి, కాలేయాన్నీ మూత్రపిండాలనూ పట్టిందట. ఇంకొక్క రోజు ఆగితే దక్కేవాడు కాదట. అంజిబాబు పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పాపాయమ్మగారు రోజూ బస్సులో వచ్చి అతన్ని చూసి, పనిలో పనిగా డాక్టరు రెప్ప కూడా లాగి వెళ్ళేవారు.

ఇంటికొచ్చాక అంజిబాబు తలెత్తలేకపోయాడు. "పిన్నిగారూ, మిమ్మల్ని చాలా వెక్కిరించేనండి."

"ఆయ్, తెలుసు. బాగా చేసేవాడివట."

"ఈ రోగం సంగతి మీకెలా తెలుసండి?"

"మనూళ్ళో ఒకప్పుడు పసరు పోసింది నేనేనయ్యా. మా తమ్ముడు బంగారరాజు ఇలాగే చేలోంచి జ్వరంతో వచ్చేడు. కామెర్లే కదా అని మూడు పొద్దులు నా చేత్తోనే పోసేను. నాలుగో పొద్దు లేడు. ఎలుక జ్వరమని ఆనక చెప్పేరు."

ఇన్నేళ్ళూ తను నవ్వులాట చేసింది ఆ దుఃఖాన్నా అని అంజిబాబు కుమిలిపోయాడు.

కలుపుతీతల నాడు పొద్దున్నే గట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు. పాదాలు తిప్పి చూపిస్తే గానీ ఒక్క మనిషినీ చేలోకి దిగనివ్వలేదు. కూలికొచ్చిన పోలమ్మ విసుక్కుంది.

"కళ్ళకి ఆవిడా, కాళ్ళకి మీరూనా? మేం కలుపెప్పుడు తియ్యాలండీ?"